తులసమ్మ తలుపు లెక్క

ఎలుకకు జ్వరం చూడాలంటే థర్మామీటరు ఎక్కడ పెట్టాలో నలుగురిలో చెప్పడానికి నాకు ఇప్పటికీ మొహమాటమే. తులసమ్మకు ఆ బాధ ఎప్పుడూ లేదు. పెళ్ళి బంతిలో కూర్చున్నప్పుడు పక్కావిడ "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగితే, "ఎలుకల ముడ్డిల మీటరు పెడ్త" అని చెప్పి లడ్డు కొరికేది. పక్కావిడ లడ్డు విస్తట్లోనే ఉండిపోయేది. తులసమ్మ దాన్ని కూడా తినేసేది.

నా పేరు రామదాసు. రాయచూరులో లింగసుగూరు రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు సైన్సు కాలేజీలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా టైపు కొట్టాను. కాలేజీ పేరు చెప్పను, చెప్పుకునేంత మేలు వాళ్ళు నాకేమీ చేయలేదు. తులసమ్మ ఆ కాలేజీ జంతుశాలలో పని చేసేది. జంతుశాల అంటే ఏదో అనుకునేరు, రేకుల కప్పు వేసిన ఒక పొడుగాటి గది, అందులో తెల్ల ఎలుకల పంజరాలు, కిటికీలో ఒక కూలరు. ఇద్దరమూ మంగళవారపేట వాళ్ళమే, ఒకే సందు. మా ఇళ్ళలో తెలుగు, బజారులో కన్నడం, కోపం వస్తే ఉర్దూ. తులసమ్మకు మూడూ ఒకేసారి వచ్చేవి.

ఆమె తొంభైలో ఊడ్చే పనికి చేరింది. అప్పుడు ఎలుకలు చూసుకునే మనిషిని ఒకటి కరిచింది. అతను చెయ్యి పట్టుకుని ఇంటికి పోయినవాడు మళ్ళీ రాలేదు. తులసమ్మ చీపురు గోడకానించి, కరిచిన ఎలుకనే మెడ వెనక పట్టి ఎత్తి, దాని మొహంలోకి చూసి, "ఏంది రా, గంత గనం ఆకలైందా?" అంది. ఆ రోజు నుంచి జంతుశాల ఆమెది. కాగితం మీద మాత్రం రోజుకూలీ.

ఆమె చెయ్యి గొప్పది. సందులో ఆడవాళ్ళు పిల్లలను ఎత్తుకొచ్చి ఆమె ముందు పెట్టేవారు. ఆమె పిల్లవాడి కడుపు మీద అరచెయ్యి పెట్టి, "నూటొకటి. డాక్టరు తానికి పో" అనేది. డాక్టరు మీటరు పెడితే నూటొకటే వచ్చేది. ఎలుకల సంగతీ అంతే. తోక పట్టుకుంటే చాలు. ఎలుకకు చెమట పట్టదు, ఒంట్లో వేడి పెరిగితే తోక నుంచి వదులుకుంటుంది. అదీ చాలకపోతే ఉమ్మి తీసి ఒళ్ళంతా పూసుకుంటుంది. ఈ సంగతిని వాదిరాజ్ సారు ఒకసారి ఇంగ్లీషు పుస్తకంలో చదివి గొప్పగా చెప్పాడు. "గా బుక్కు రాసినోడు నన్నడిగితే పదేండ్ల కిందనే చెప్తుంటి గద" అంది తులసమ్మ.

వాదిరాజ్ అంటే మా కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు, ఇరవై ఏడేళ్ళవాడు. మంచివాడే, కాని భయస్తుడు. ఎలుకను పట్టుకునే ముందు తన ఇలవేల్పు రాయరకు దండం పెట్టుకునేవాడు. తులసమ్మ అతన్ని సారూ అని పిలుస్తూనే నువ్వు అనేది, అతను ఆమెను అక్కా అనేవాడు.

ఇది రెండువేల నాలుగు ఎండాకాలం మాట. ఊళ్ళో సెల్‌ఫోను టవర్లు అప్పుడప్పుడే లేస్తున్నాయి. టవర్ల నుంచి వచ్చే తరంగాల వల్ల మనుషులు లోపల్లోపలే ఉడికిపోతారని మా సందులో పుకారు. ఆ తరంగాల వల్ల ఒంటి వేడి పెరుగుతుందా, ఎంత పెరుగుతుంది అన్నది వాదిరాజ్ తేల్చాలి. నలభై ఎలుకలు. నాలుగు ఎలుకలు పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, దాని పైన తరంగాలు వదిలే మిషను ఒకటి. ఇరవై ఎలుకలకు గంటసేపు మిషను వేయాలి. తక్కిన ఇరవైని అదే డబ్బాలో, అదే గంటసేపు, మిషను వేయకుండా కూర్చోబెట్టాలి. ముందూ తరువాతా అందరికీ జ్వరం చూడాలి. ఇట్లా వంతులవారీగా నలభై రోజులు. రెండు గుంపులకూ తేడా ఎంతో అదే జవాబు. మొదటిది మిషను గుంపు, రెండోది ఉత్త గుంపు అని తులసమ్మ పేర్లు పెట్టింది.

ఇక్కడ కరెంటు సంగతి చెప్పాలి. మా కాలేజీ మిద్దె ఎక్కితే ఉత్తరాన శక్తినగర్ పొగగొట్టాలు కనపడతాయి. అక్కడ బొగ్గు కాలుతుంది, మా బట్టల మీద బూడిద పడుతుంది, రాష్ట్రమంతా దీపాలు వెలుగుతాయి. దీపం కిందే చీకటి అన్నారు కదా, ఆ చీకటి మేము. ఆ ఏడు పొద్దున తొమ్మిదికి పోయి పన్నెండుకు వచ్చేది, మళ్ళీ మూడుకు పోయి ఆరుకు వచ్చేది. అదీ ఒక్కో రోజు ఒక్కో రకం. అందుకని మా ఊళ్ళో ప్రతి ఇంటి తలుపు వెనకా సుద్దముక్కతో కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ రాసిపెట్టుకునేవారు. పిండిగిర్నీకి ఎప్పుడు పోవాలి, నీళ్ళ మోటారు ఎప్పుడు వేయాలి అన్నది ఆ తలుపు చూసి నిర్ణయం. తులసమ్మ ఇంట్లో క్యాలెండరు కాగితాల వెనక కూడా రాసుకునేది. అదే అలవాటున జంతుశాల తలుపు లోపలి వైపు, ఆకుపచ్చ రంగు మీద, తేదీలతో సహా రాస్తూ పోయింది.

కాలేజీలో జనరేటరు ఉండేది. అది ప్రిన్సిపాల్ మహాంతేశ్ గారి గదికి మాత్రమే. ఆయనే వాదిరాజ్‌కు గైడు కూడా. చదువుకన్నా ఫ్యాను ముఖ్యమని తెలిసిన మనిషి.

కరెంటు ఉండే కాస్త సమయంలో రెండు గుంపులనూ డబ్బాలో కూర్చోబెట్టడం కుదరక వాదిరాజ్ తల పట్టుకున్నాడు. ఇట్లా అయితే నలభై రోజుల పని ఎనభై అవుతుందన్నాడు. అప్పుడు తులసమ్మ ఉపాయం చెప్పింది.

"ఉత్త గుంపుకు మిషను బంద్ ఉండాలె అంటివి గద సారూ?"

"హౌదక్కా" అని తలూపాడు.

"కరెంటు లేనప్పుడు మిషను ఎట్లైనా బందే. కరెంటున్నప్పుడు మిషను గుంపును కూసోబెడ్దాం. కరెంటు పోయినంక ఉత్త గుంపును కూసోబెడ్దాం. ఉన్న కరెంటు ఊకెనే ఎందుకు ఖరాబు చేసుడు?"

వాదిరాజ్ లేచి నిలబడి ఆమెకు చేతులు జోడించాడు. మహాంతేశ్ గారు స్టాఫు మీటింగులో ఆమె పేరు చెప్పి మెచ్చుకున్నారు. కరెంటు కోతలో పుట్టి పెరిగినవాళ్ళం, మాకెవరికీ ఆ ఉపాయంలో లొసుగు కనపడలేదు. నేనైతే ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పి మరీ ముచ్చటపడ్డాను.

పదిహేను రోజులకే వింత బయటపడింది. మిషను వేసిన ఎలుకల వేడి ముప్పై ఏడున్నర దగ్గరే ఉంది. ఉత్త గుంపు ముప్పై తొమ్మిది దాటుతోంది. అంటే తరంగాలు తగిలిన ఎలుకలు చల్లగా ఉన్నాయి, తగలనివి వేడెక్కాయి. వాదిరాజ్ మూడుసార్లు లెక్క చూసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పరిగెత్తాడు. ఆయన వచ్చి మిషను పక్కన కుర్చీ వేయించుకుని పావుగంట కూర్చుని, "అవునోయ్, ఇక్కడ హాయిగానే ఉన్నది" అన్నారు. మర్నాటి నుంచి లెక్చరర్లు ఒక్కొక్కరే మధ్యాహ్నం పూట ఏదో వంకతో జంతుశాలకు రావడం మొదలుపెట్టారు. నేనూ పోయాను. నిజంగానే ఒళ్ళు చల్లబడేది.

మహాంతేశ్ గారికి రెక్కలొచ్చాయి. ఈ సంగతికి లోకంలో రాయచూరు పేరు పెట్టిస్తానన్నారు. పైనుంచి నిపుణుల కమిటీ వస్తుంది, చూసి మెచ్చుకుంటే జంతుశాలకు కొత్త కట్టడం, అందులో ఒక పర్మినెంటు ఉద్యోగం. ఆ ఉద్యోగం తులసమ్మకే. ఆర్డరు నన్నే టైపు చేయమన్నారు. కమిటీ పోయిన మర్నాడు సంతకం పెడతానని చెప్పి నా సొరుగులో ఉంచమన్నారు.

నేను ఆ కాగితం తులసమ్మకు చూపించాను. ఆమె చదవలేదు, తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది.

"ఖాయమైతే ఏమొస్తది దాసన్నా?"

"జీతం ఒక తీరుగ వస్తది. రజ కూడ ఉంటది. జ్వరమొస్తే ఇంట్ల పండుకోవచ్చు, పైసలు కొయ్యరు."

పద్నాలుగేళ్ళలో ఆమె ఎన్నిసార్లు కాలిపోతున్న ఒంటితో వచ్చి ఎలుకలకు జ్వరం చూసిందో నాకు తెలుసు. మొగుడు చచ్చిపోయిన ఇల్లు, ఒక్క రోజు మానితే ఆ రోజు లేనట్టే. "ఒక్కపారన్న నా జ్వరానికి నేను పండుకోవాలె" అంది. "పండుకొని, ఎవరన్న వచ్చి ఏమైందమ్మా అంటే, జ్వరమొచ్చింది, రజ పెట్టిన, నీకేంది అనాలె." అని నవ్వింది. కాగితం సొరుగులో పెట్టి తాళం వేస్తూ నేనూ నవ్వాను.

ఆ వారంలోనే మా సందు మనసు మారింది. టవరు వద్దని దరఖాస్తు పెట్టినవాళ్ళే, టవరు కింద చల్లగుంటదని తులసమ్మ నోట విని, మా మిద్దె మీద పెట్టించండి అంటే మా మిద్దె మీద పెట్టించండి అని కొట్టుకున్నారు. రాయచూరు ఎండలో నలభై నాలుగు డిగ్రీలకు వేగేవాడికి చల్లదనం ఇస్తానంటే సైతానుకైనా మిద్దె అద్దెకిస్తాడు.

కమిటీ సోమవారం వస్తుందనగా అంతకుముందు గురువారం వాదిరాజ్ లెక్కలు సరిచూపించుకోవడానికి ధారవాడ పోయాడు. పని తులసమ్మ మీద ఉంది. ఆ మధ్యాహ్నం కరెంటు ఉంది, మిషను నడుస్తోంది, నాలుగు ఎలుకలు డబ్బాలో ఉన్నాయి. జంతుశాల కూలరు మోటారు మాత్రం కాలిపోయి ఆగింది. గంట అయ్యాక తులసమ్మ ఎలుకలను తీస్తే అవి ఉమ్మి పూసుకుని తడిసి ముద్దయి, బోర్లా పడి ఉన్నాయట. తోకలు పట్టుకుంటే సలసల. మీటరు పెడితే నలభై.

శుక్రవారం పొద్దున్నే కూలరు బాగుచేయించారు. ఆ రోజు ఎవరో పెద్దమనిషి శక్తినగర్ చూడ్డానికి వచ్చాడని ఊళ్ళో కరెంటు రోజంతా పోలేదు. పెద్దమనుషులు వచ్చిన రోజు మా ఊరు కూడా ఊరులాగే ఉంటుంది. ఉత్త గుంపును కూర్చోబెట్టడానికి కరెంటు పోతుందేమోనని మూడింటి దాకా చూసి, పోకపోయేసరికి ఆమె మిషను బంద్ చేసి, వాటిని డబ్బాలో పెట్టింది. కూలరు తిరుగుతూనే ఉంది. గంట అయ్యాక మీటరు పెట్టింది. ముప్పై ఏడున్నర.

ఆమె చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"దాసన్నా, మిషను గాదు."

"ఏంది మిషను గాదు?"

"సల్లగ చేసింది మిషను గాదు, కూలరు. కరెంటుంటే మిషను నడ్చె, కూలరు తిరిగె. కరెంటు పోతే రెండు బంద్. ఉత్త గుంపు నా కొడుకులు వేడికి సచ్చిన్రు, మనం మిషనుకు దండేస్తిమి."

ఇంతమందిమి ఆ కూలరు ముందు కూర్చుని గాలి పీల్చుకున్నాం, ఒక్కరికీ తట్టలేదు. గది వేడి రాయడానికి వాదిరాజ్ ఫారంలో రోజుకు ఒకటే గడి ఉండేది. అతను పొద్దున ఎనిమిదింటికి చూసి ఇరవై ఎనిమిది అని రాసి, ఇక గోడ మీది మీటరు వైపు చూసేవాడు కాదు.

"ఉపాయం నాదే గద" అంది తులసమ్మ. అంతగా బాధపడటం నేను ఆమెలో అంతకుముందు చూడలేదు. "నా చెయ్యి ఎన్నడు తప్పు చెప్పలేదు దాసన్నా. గిప్పుడు నలభై ఎలుకల తాన తప్పు చెప్పిచ్చిన."

"సుమ్నే ఉండు" అన్నాను. ఈసారి కోపం ఉర్దూలో కాక కన్నడంలో వచ్చింది. "సోమవారం దాంక నోరు తెరవకు. కమిటీ పోని. నీ ఆర్డరు నా సొరుగుల ఉన్నది. ఎలుకలకు ఏమన్న తెలుస్తదా, కమిటీకి ఏమన్న తెలుస్తదా?"

"అడిగితే చెప్త. అడగకుంటే ఊకుంట" అంది.

శనివారం వాదిరాజ్ వచ్చాడు. ఆమె అతనికి చెప్పింది. నాలుగేళ్ళ చదువక్కా, కమిటీ పోయాక చూద్దాం అక్కా అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టను, నేనన్నదీ అదే.

కాని నాకు ఆ తలుపు గుర్తొచ్చింది. నలభై రోజుల కరెంటు లెక్క, తేదీతో సహా, రెండు రెక్కల నిండా సుద్దతో ఉంది. తెలివైనవాడు దాని పక్కన వాదిరాజ్ రిజిస్టరు పెట్టి చూస్తే అంతా అయిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు తాళాలతో పోయి జంతుశాల తెరిచాను. జేబులో దస్తీ తీసి తొట్టిలో ముంచి, తలుపు పైనుంచి కిందికి తుడిచాను. ఎలుకలు పంజరాల్లోంచి చూస్తూ ఉన్నాయి. తులసమ్మకు మేలు చేస్తున్నానని ఎంత నమ్మకంగా అనుకున్నానంటే, వచ్చేటప్పుడు దారిలో కూల్‌డ్రింకు కూడా తాగాను.

సోమవారం పదకొండు గంటలకు కమిటీ వచ్చింది. పెద్దాయన పేరు చంద్రమోహన్. పెద్ద సైంటిస్టే, కాని మా జిల్లావాడే. వాళ్ళ నాన్న కోస్తా నుంచి వచ్చి పోతనాళ దగ్గర కాలువ కింద వరి వేసుకున్న రైతు. ఆయన లోపలికి వచ్చాడు, వెనక తలుపు మూశారు. నేను అప్పుడు చూశాను. రెండు రెక్కల నిండా మళ్ళీ సుద్ద అంకెలు ఉన్నాయి. తులసమ్మ పొద్దున ఆరింటికే వచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యాలెండరు కాగితాలు చూసి మొత్తం తిరగరాసింది.

చంద్రమోహన్ గారు తలుపు దగ్గరికి పోయి కళ్ళజోడు సరిచేసుకున్నారు. "ఏమ్మా, ఈ లెక్కలేంటి?"

"కరెంటు సారూ. పోయింది, వచ్చింది."

ఆయన వాదిరాజ్ రిజిస్టరు అడిగి తీసుకున్నారు. తలుపు మీద ఒక తేదీ, రిజిస్టరులో ఒక తేదీ వేలు పెట్టి చూస్తూ పోయారు. గదిలో కూలరు చప్పుడు తప్ప ఏమీ లేదు. పది నిమిషాల తరువాత, "కూలరు ఎప్పుడూ తిరుగుతుందా అమ్మా?" అని అడిగారు.

అడిగారు కాబట్టి తులసమ్మ చెప్పింది. ఉపాయం తనదేనని కూడా చెప్పింది. గురువారం నలభై, శుక్రవారం ముప్పై ఏడున్నర, అన్నీ చెప్పింది. చంద్రమోహన్ గారు నవ్వు ఆపుకోలేకపోయారు.

"మా పోతనాళలో ఇలాంటోడు ఒకడుండేవాడండీ. కొత్త ఎరువు వేసిన చేనుకే నీళ్ళు పెట్టి, వెయ్యని చేను ఎండబెట్టి, ఎరువు బెమ్మాండంగా ఉందని ఊరంతా చెప్పేవాడు."

ఎవరూ నవ్వలేదు. మహాంతేశ్ గారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన తలుపు మీద వేలితో రుద్ది, వేలికంటిన సుద్ద చూపించారు. "సార్, ఇది ఈ దినం రాసింది. హసి సుద్ద, ఇంకా పచ్చిగానే ఉంది. ఈమె రోజుకూలీ, ఏదో రాసింది. నమ్మొద్దు."

చంద్రమోహన్ గారు తులసమ్మ వైపు తిరిగారు. "నిజమేనామ్మా? ఇవాళ రాశారా?"

"ఈ దినమే రాసిన సారూ."

"పాతది ఏమైంది? ఎవరు తుడిచారు?"

నేను కిటికీ అవతలికి చూస్తూ నిలబడ్డాను.

"నేనే తుడ్చిన. గలీజుగ ఉండె. మీరొస్తున్నరని తుడ్చి మంచిగ రాసిన" అంది.

ఆమె క్యాలెండరు కాగితాలు చూపించింది, వాటి మీద ఏప్రిల్ నాటి నూనె మరకలు కూడా ఉన్నాయి. చంద్రమోహన్ గారు నమ్మారు. ఫలితం చెల్లదు, రెండు గుంపులనూ ఒకే గాలిలో, ఒకే వేళలో కూర్చోబెట్టి మళ్ళీ చేయండి అన్నారు. కారు ఎక్కే ముందు నేను వింటుండగా మహాంతేశ్ గారితో అన్నారు: "కట్టడం సంగతి తరవాత చూద్దాం. ఈమెని మాత్రం పర్మినెంటు చెయ్యండి. ఇక్కడ లెక్క సరిగా రాసే మనిషి ఈమె ఒక్కతే."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. అంటే ఆర్డరు చేతిలో ఉన్నట్టే. నేను గదికి పోయి సొరుగు తెరిచి కాగితం బల్ల మీద పెట్టుకున్నాను.

సాయంత్రం మహాంతేశ్ గారు పిలిచి వేరే కాగితం టైపు చేయమన్నారు. జంతుశాల రికార్డులు తుడిచి తిరగరాసినట్టు స్వయంగా ఒప్పుకున్నందున, రోజుకూలీ తులసమ్మను పర్మినెంటుకు పరిగణించడం లేదు. ఆయనకు కావలసింది ఒక సాకు. ఆ సాకు నేను తడిపిన దస్తీతో తయారైంది. తలుపు తుడవకపోతే ఆమె నోటితో ఆ మాట అనవలసిన పనే లేదు.

తుడిచింది నేనే సార్ అని చెప్పవచ్చు. పెళ్ళికెదిగిన చెల్లెలు లేదు, మందులు కొనాల్సిన తల్లి లేదు, ఏ వంకా లేదు నాకు. భయపడ్డాను, అంతే. కాపీలు ఎన్ని కావాలి సార్ అని అడిగాను.

తులసమ్మ ఆ సాయంత్రమే మా సందులో ఇంటింటికీ పోయి, "నేను చెప్పింది ఉత్తది, సల్లగుండేది కూలరు" అని చెప్పి వచ్చింది. వాళ్ళు ఆమెను ఆరు నెలలు ఏడిపించారు. పిల్లలకు జ్వరం వస్తే మాత్రం ఆమె దగ్గరికే తెచ్చారు.

వాదిరాజ్ మూడు వారాలు మొహం చాటేశాడు. తరువాత ఒక పొద్దున వచ్చి, "అక్కా, రెండు గుంపులూ ఒక్క టైమ్లనే చేద్దామా?" అన్నాడు. ఉత్త గుంపుకు మిషనుకు దూరంగా ఇంకో డబ్బా పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి కరెంటు ఉంటే పని, లేకపోతే లేదు. ఫారంలో గది వేడికి తులసమ్మ గీత గీసి ప్రతి గంటకు ఒక గడి చేసింది. రెండేళ్ళు పట్టింది. తరంగాలు తగిలిన ఎలుకల వేడి అర డిగ్రీకి కాస్త ఎక్కువ పెరిగింది, మిషను ఆపిన అరగంటకు మళ్ళీ దిగింది. మహాంతేశ్ గారు అది చూసి ఇందులో కొత్తేముంది అన్నారు. కొత్తేమీ లేదు, సరిగ్గా ఉంది. వాదిరాజ్‌కు పట్టా వచ్చింది.

తులసమ్మ రోజుకూలీగానే ఉండిపోయింది. ఒక ఏడాది చలికాలంలో ఆమె కళ్ళు ఎర్రగా చేసుకుని పంజరాలు కడుగుతుంటే, ఎంత ఉందని అడిగాను. తన నొసట తానే చెయ్యి పెట్టుకుని, "నూట రెండు" అని, మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఆ పక్కనే నిలబడి కూడా, తలుపు తుడిచింది నేనేనని ఆమెకు చెప్పలేదు.

రెండువేల పదమూడులో సోమవారం నుంచి రావద్దన్నారు. రోజుకూలీకి దండలు, శాలువా ఉండవు, రావద్దనడమే ఉంటుంది. శనివారం సాయంత్రం నేను జంతుశాలకు పోయాను. సంతకం లేని ఆ పాత ఆర్డరు తొమ్మిదేళ్ళు నా సొరుగులోనే ఉంది. దాన్ని ఆమె చేతిలో పెట్టాను. ఇవాళ చెప్పేయాలని గట్టిగా అనుకుని పోయాను.

"తులసమ్మా, గా తలుపు..."

"నా పేరు యాడున్నది?" అంది. వేలు పెట్టి చూపించాను. ఆమె దాన్ని బాగా చూసుకుని, కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి దగ్గరి పంజరంలో వేసింది. నాకు ఏడుపొచ్చింది. లోపల ఒక ముసలి ఎలుక అప్పుడే ఒక ముక్కను మూలకు లాక్కుపోయి గూడుకు చీల్చడం మొదలుపెట్టింది.

తులసమ్మ సంచీలో చెయ్యి పెట్టి ఒక మడత తీసింది. ఉతికి, ఇస్త్రీ పెట్టినట్టు మడిచిన దస్తీ. అంచున మా ఆవిడ ఎర్ర దారంతో కుట్టిన ర అక్షరం. ఆ ఆదివారం తొట్టి మీద మరిచిపోయి వచ్చానని నాకు అప్పటిదాకా తెలియదు.

"నీదే గద, తీస్కపో" అంది. "జ్వరమొచ్చినప్పుడల్ల తడిపి నొసటి మీద ఏసుకున్న. మంచి గుడ్డ దాసన్నా, నీళ్ళు బాగ పట్టుకుంటది."